మన నెల్లూరు ఆకాశానికి ఏడాది క్యాలెండరు మీరే రాసుకోండి

ఆకాశం చూడటం మొదలుపెట్టిన మొదటి ఏడాది, ఇంటర్నెట్లో దొరికిన ఒక క్యాలెండరు ప్రింటు తీసి బీరువా తలుపుకి అంటించుకున్నాను. అందులో ‘ఆగస్టు 12: పర్సీడ్ ఉల్కలు’ అని ఉంది. 11వ తేదీ రాత్రి అలారం పెట్టుకుని పడుకుని, తెల్లవారుజామున రెండింటికి లేచి, స్కూటర్ మీద మైపాడు బీచికి వెళ్ళాను. గంటన్నర సేపు తల పైకెత్తుకుని కూర్చుంటే నాలుగంటే నాలుగు చుక్కలు రాలాయి. తర్వాత తెలిసింది, ఆ తేదీ గ్రీన్‌విచ్ టైము లెక్కలోదని. వాళ్ళకు 12 రాత్రి అంటే మనకు 13 తెల్లవారుజాము. అసలు రాత్రి నేను ఇంట్లో ఫ్యాను కింద నిద్రపోతున్నాను.

అదే కాగితంలో నవంబరు, డిసెంబరు గళ్ళు నిండుగా ఉన్నాయి. మనకేమో అవి వాయుగుండాల నెలలు. మే నెల గడిలో ఒకే ఒక్క ముక్క ఉంది. మనకు ఆ నెలలో తెల్లవారుజామున కనిపించేంత దక్షిణాకాశం చలిదేశాల వాళ్ళు జన్మలో చూడలేరు. ఎక్కడో కూర్చున్నవాళ్ళు రాసిన క్యాలెండరు మనకు సగమే పనికొస్తుంది. మిగతా సగం మన ఇంట్లోనే ఉంది. పంచాంగం. దాన్ని ముహూర్తాల కోసం తిరగేసినట్టే ఆకాశం కోసం తిరగేయడం నేర్చుకుంటే, నెల్లూరు, ఒంగోలు వాళ్ళకు సరిపోయే క్యాలెండరు రెండు ఆదివారాల్లో తయారవుతుంది. ఎలాగో చెప్తాను.

నోటుబుక్కు, మొదటి పేజీ

ఒక లాంగ్ నోట్సు, ఒక పెన్సిలు, ఆ ఏడాది పంచాంగం పుస్తకం తెచ్చుకోండి. పెన్ను వద్దు. బీచి దగ్గర మంచుకి కాగితం తడిసి సిరా అలుక్కుపోతుంది. పంచాంగం ఉగాదికి వస్తుంది కాబట్టి మీ ఏడాదిని కూడా ఉగాది నుంచే మొదలుపెట్టండి. జనవరి నుంచి మొదలుపెడితే మూడు నెలలకు పాత పంచాంగం వెతుక్కోవాలి.

మొదటి పేజీలో ఈ అంకెలు రాసుకోండి. నెల్లూరు అక్షాంశం 14.4 డిగ్రీలు ఉత్తరం, ఒంగోలు 15.5. రేఖాంశం రెండూళ్ళకీ దాదాపు 80 డిగ్రీలు తూర్పు. మన గడియారం టైము 82.5 డిగ్రీల రేఖది. అంటే మన ఊళ్ళో సూర్యుడైనా చుక్కలైనా ఆ రేఖ మీద ఉన్నవాళ్ళకంటే 10 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాయి. గ్రీన్‌విచ్ టైము కనిపిస్తే అయిదున్నర గంటలు కలపండి. కలిపాక తేదీ మారిందో లేదో చూడండి. నేను దెబ్బతిన్నది అక్కడే.

తేదీ రాసేటప్పుడు ‘13 రాత్రి’ అని ఒంటి అంకె వేయొద్దు. ‘13–14 రాత్రి’ అని రెండంకెలూ వేయండి. పంచాంగంలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా నడుస్తుంది, గడియారంలో అర్ధరాత్రికే మారిపోతుంది. రెండంకెలు వేస్తే ఏ గొడవా ఉండదు.

తర్వాత కొలత. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించండి. ఆకాశం మీద ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ. ధ్రువ నక్షత్రం మీ ఊరి అక్షాంశం ఎంతో అంత ఎత్తులోనే ఉంటుంది. నెల్లూరులో ఉత్తరం వైపు నేల నుంచి పిడికిలిన్నర లెక్కపెట్టండి, అక్కడ ఒంటరిగా ఓ మోస్తరు చుక్క కనిపిస్తుంది, అదే. ఈ ఒక్క కొలత వస్తే క్యాలెండరులో రాసుకున్న ఎత్తులన్నీ చేతికి అందుతాయి.

ఇక నెలకు రెండు పేజీల చొప్పున కేటాయించి, నిలువుగా గీతలు కొట్టండి: తేదీ, తిథి, ఏం చూడాలి, ఎన్నింటికి, ఏ దిక్కు. చివర ఒక ఖాళీ గడి వదలండి. దాని సంగతి చివర చెప్తాను.

ముందు చంద్రుణ్ణి పూర్తి చేయండి

చంద్రుడున్న రాత్రి పాలపుంత కనపడదు, సన్న ఉల్కలు కనపడవు. అందుకని మిగతా ఏమీ రాయకముందే పన్నెండు నెలల అమావాస్యలూ రాసేయండి. బహుళ షష్ఠి నుంచి శుద్ధ తదియ దాకా రాత్రి మొదటి జాము చీకటిగా ఉంటుంది. ఈ రోజుల పక్కన పెన్సిలుతో నల్లగా ఒక గీత లాగండి. శుద్ధ అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు, అంటే తెల్లవారుజాము మనదే. బహుళ అష్టమినాడు అర్ధరాత్రికి ఉదయిస్తాడు, అప్పుడు సాయంత్రం మనది. రోజుకి సుమారు 50 నిమిషాల తేడా అని గుర్తుంటే మిగతా తిథులు మీరే వేసుకోగలరు.

పండగల్లో మూడు చీకటి రాత్రులు ఎప్పుడూ ఖాయం. శివరాత్రి బహుళ చతుర్దశి, దీపావళి అమావాస్య, ఉగాది పాడ్యమి. దీపావళికి పొగ, వాన. ఉగాది బాగుంటుంది. శివరాత్రి మాత్రం మనలాంటి వాళ్ళకోసమే పెట్టినట్టుంటుంది. చంద్రుడు లేని రాత్రి, వాన లేని కాలం, ఎలాగూ జాగరణ. సాయంత్రం దక్షిణాన అగస్త్య నక్షత్రంతో మొదలుపెట్టి, అర్ధరాత్రి మఖ నడినెత్తి దాటాక, తెల్లవారేలోపు వృశ్చికం మొత్తం లేచి నిలబడేదాకా చూడొచ్చు. ఫ్రెంచి ఖగోళవేత్త మెస్సియే జాబితాలోని 110 మసక మచ్చల్ని ఒకే రాత్రిలో చూసే పందెం ఔత్సాహికులు మార్చి అమావాస్యల దగ్గరే పెట్టుకుంటారు. 2027లో శివరాత్రి మార్చి 6. బైనాక్యులర్ ఉంటే ఆ జాబితాలో ఓ ముప్పై నలభై పట్టుకున్నా ఆ జాగరణ వృథా పోదు.

మబ్బుల లెక్క

ఇది ఏ బయటి క్యాలెండరులోనూ ఉండదు, మీరే రాయాలి. మనకు ఎక్కువ వాన పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన తక్కువే గానీ మబ్బులు కదులుతూనే ఉంటాయి, సందు దొరికితే చూడాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన సీజను. మేలో తేమ వల్ల సాయంత్రాలు తెల్లగా మసకబారినా, తెల్లవారుజామున చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది. కోతలైనాక గడ్డి తగలబెట్టే వారం పది రోజులు పొగ నేల దగ్గరే పట్టుకుంటుంది, దక్షిణాన కిందికి ఉండే చుక్కలు దొరకవు.

అందుకని ప్రతి నెల పైనా ఒక గుర్తు వేసుకోండి. నేను మంచి నెలకు చుక్క, అనుమానం నెలకు సున్నా, వాన నెలకు గొడుగు వేస్తాను. గొడుగు నెలల్లో ఏ విశేషం ఉన్నా దూరం వెళ్ళే ప్లాను పెట్టుకోను. మేడ మీదే.

చుక్కల నెలలు

పంచాంగం ఎంత గొప్ప ఆకాశ పటమో ఇక్కడ తెలుస్తుంది. మన నెలల పేర్లన్నీ పౌర్ణమి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర నిలబడతాడో దాని పేర్లే. కార్తీక పౌర్ణమికి కృత్తికల దగ్గర, మాఘ పౌర్ణమికి మఖ దగ్గర, చైత్ర పౌర్ణమికి చిత్త దగ్గర, వైశాఖంలో విశాఖ దగ్గర. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి, ఏ నెల నడుస్తుంటే ఆ నక్షత్రం సాయంత్రం తూర్పున లేచి రాత్రంతా కనిపిస్తుంది. అంటే నెల పేరు తెలిస్తే ఆ రాత్రి ఏ చుక్క చూడాలో తెలిసినట్టే.

కార్తెలు దీనికి తలకిందులు. కార్తె అంటే సూర్యుడు ఉన్న నక్షత్రం. మే 25 నుంచి జూన్ 7 దాకా రోహిణి కార్తె, ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో సూర్యుడు రోహిణి దగ్గర ఉంటాడు కాబట్టి రోహిణి చుక్క మనకు కనపడదు. దానికి సరిగ్గా ఎదురుగా ఉండే జ్యేష్ఠ, వృశ్చికం గుండెలో ఎర్రగా మండే చుక్క, ఆ కార్తెలో రాత్రంతా ఉంటుంది. కాబట్టి కార్తె చూసి ‘ఇది ఇప్పుడు కనపడదు’ అని, నెల పేరు చూసి ‘ఇది రాత్రంతా కనపడుతుంది’ అని రాసుకోండి. పొలం పనుల కోసం మా తాత నోట్లో ఆడిన కార్తెలన్నీ ఆకాశ పటమేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పంచాంగంలో రోజూ వేసే నక్షత్రం కూడా ఇంతే. ఈరోజు రోహిణి అంటే ఈ రాత్రి చంద్రుడు రోహిణి చుట్టుపక్కల ఉన్నాడని. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఒక నెలపాటు రోజూ చంద్రుణ్ణి పట్టుకుని పక్కనున్న చుక్క పేరు రాసుకుంటే సగం నక్షత్రాలు వచ్చేస్తాయి. యాప్ అక్కర్లేదు. సరి చూసుకోవడానికి మాత్రం ఉచితంగా దొరికే స్టెల్లేరియం బాగుంటుంది.

ఇంకొక్క లెక్క. చుక్కలు రోజుకి 4 నిమిషాలు ముందుగా లేస్తాయి. నెలకి రెండు గంటలు. ఈరోజు రాత్రి 9కి ఉన్న చోటికి వచ్చే నెల 7కే వచ్చేస్తాయి. వానాకాలం సాయంత్రాల్లో పోయిన ఆకాశాన్ని ఈ లెక్కతోనే వెనక్కి తెచ్చుకోవాలి. వృశ్చికం, ధనుస్సు, వాటి మధ్య పాలపుంత చిక్కగా ఉబ్బిన భాగం జూన్, జులై రాత్రుల్లో దక్షిణాన బాగా పైకి వస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. మనకప్పుడు మబ్బులు. అదే ఆకాశం మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున నాలుగింటికి సిద్ధంగా ఉంటుంది. మన పాలపుంత కేంద్రం ఉండేది మూల నక్షత్రం వైపే. ఏప్రిల్ అమావాస్యల పక్కన ‘మూల, తె. 4, దక్షిణం’ అని ఎర్ర పెన్సిలుతో రాయండి.

మా అమ్మమ్మ కృత్తికల్ని పిల్లలకోడి అనేది. సంక్రాంతి రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక నులక మంచం మీద పడుకుని పైకి చూస్తే, నడినెత్తిన ఓ గుప్పెడు చుక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి. ‘ఎన్ని పిల్లలున్నాయో లెక్కపెట్టురా’ అనేది. నాకు ఆరు వచ్చేవి. ఇప్పుడు నెల్లూరు మేడ మీద నాలుగు వస్తే గొప్ప. మీ క్యాలెండరులో జనవరి పేజీలో ‘పిల్లలకోడి: ఎన్ని?’ అని ఒక గడి పెట్టండి. మీ ఊరి ఆకాశం ఏడాదికేడాది ఎంత వెలిసిపోతోందో ఆ అంకె చెప్తుంది.

దక్షిణం మన సొత్తు

ఢిల్లీ వాళ్ళకు నేలకు అంటుకుని ఉండేవి మనకు లేచి కనిపిస్తాయి. అగస్త్య నక్షత్రం ఫిబ్రవరి మొదటి పక్షంలో రాత్రి 9 గంటలకు సరిగ్గా దక్షిణాన, నేల నుంచి రెండు పిడికిళ్ళ పైన ఉంటుంది. మే నడిమిలో రాత్రి 9 గంటలకు త్రిశంకు, అదే దక్షిణ శిలువ, నిటారుగా నిలబడుతుంది. దాని అడుగు చుక్క నెల్లూరులో 12 డిగ్రీలు, ఒంగోలులో 11 డిగ్రీల ఎత్తు. పిడికిలి కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంకో రెండు గంటలాగితే దాని ఎడమ పక్కకు ఆల్ఫా సెంటారీ వస్తుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రాల కూటమి, నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. దక్షిణం వైపు చెట్లు, ఇళ్ళు, లైట్లు లేని చోటు మీ ఊళ్ళో ఎక్కడుందో మేకి ముందే వెతికి పెట్టుకోండి.

పగటి సంగతైనా ఇది కూడా క్యాలెండరులో ఉండాలి. ఏప్రిల్ 29, ఆగస్టు 13 ప్రాంతాల్లో నెల్లూరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఏప్రిల్లో 12.07కి, ఆగస్టులో 12.15కి, చదునైన గచ్చు మీద రోకలి నిలబెట్టండి. నీడ దాని కిందికే దూరిపోతుంది. ఒంగోలు వాళ్ళు మే 2–3 తేదీల్లో, ఆగస్టు 9–10 తేదీల్లో చూడాలి. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం నేను చూడలేదు.

గ్రహాలకు మూఢం, వక్రం

పెళ్ళిళ్ళ కోసం అందరం మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తాం. గురు మూఢం, శుక్ర మూఢం అంటే ఆ గ్రహం సూర్యుడికి మరీ దగ్గరై కనపడకుండా పోయిన రోజులు. పంచాంగంలో మూఢం తేదీలు చూసి, ఆ రోజులకు అడ్డంగా గీత కొట్టేయండి. మూఢం విడిచిన వారం నుంచి ఆ గ్రహం కోసం వెతకొచ్చు. గురుడు మూఢం విడిస్తే తెల్లవారుజామున తూర్పున కనిపిస్తాడు. శుక్రుడు సూర్యుడికి ఇటుపక్క, అంటే మన వైపు నుంచి దాటితే కొద్ది రోజుల్లోనే వేగుచుక్కై తూర్పున తేలతాడు. అటుపక్క నుంచి దాటితే చాలా రోజులు కనపడక, తర్వాత సాయంత్రం పడమటి చుక్క అవుతాడు. 2026 అక్టోబరు 24న ఇటువైపు నుంచి దాటుతున్నాడు. ఆ చలికాలమంతా వేగుచుక్క. జనవరిలో మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రం మీద దాన్ని చూడండి, నీళ్ళ మీద దాని వెలుగు దారం పరిచినట్టు పడుతుంది.

కుజుడు, గురుడు, శని వక్రం తేదీలు, అంటే ఆ గ్రహం చుక్కల మధ్య వెనక్కి నడుస్తున్నట్టు కనిపించే రోజులు, కూడా పంచాంగంలో ఉంటాయి. వక్రం మొదలుకి, చివరికి సరిగ్గా నడుమ రోజు ఆ గ్రహం సూర్యుడికి ఎదురుగా, మనకు దగ్గరగా, రాత్రంతా కనపడేలా ఉంటుంది. ఆ నడుమ తేదీకి పెద్ద సున్నా చుట్టండి. గురుడికి ఇది 13 నెలలకోసారి, శనికి ఏటా రెండు వారాలు జరుగుతూ, కుజుడికి 26 నెలలకోసారి వస్తుంది.

శనికి 2026లో అక్టోబరు 4, 2027లో అక్టోబరు 18. రెండూ మనకు గొడుగు నెలలే. కంగారేం లేదు. వానలు తగ్గాక జనవరి సాయంత్రాల్లో కూడా శని పడమర వైపు చక్కగా ఉంటాడు. 2025 మార్చిలో వలయాలు మనకు అంచు చూపించాయి, అప్పటి నుంచి మళ్ళీ ఏటేటా విప్పారుతున్నాయి. బైనాక్యులర్‌కి వలయం తెలియదు, చిన్నదైనా టెలిస్కోపు కావాలి.

2027 ఫిబ్రవరి మాత్రం ఎవరూ వదలొద్దు. 10వ తేదీ ప్రాంతంలో గురుడు, 19న కుజుడు సూర్యుడికి ఎదురవుతున్నారు. ఇద్దరూ మఖ చుట్టుపక్కలే ఉంటారు. 20 రాత్రి మాఘ పౌర్ణమి, మఖ దగ్గరికి చంద్రుడు కూడా వస్తాడు. ఎర్రగా కుజుడు, తెల్లగా గురుడు, నీలం మెరుపుతో మఖ, పక్కన నిండు చంద్రుడు. ఆ నెల మనకు పొడి నెల. దీనికి చీకటి ఊరు కూడా అక్కర్లేదు, నెల్లూరు నడిబజారులో మేడ మీంచి కనపడుతుంది.

పంచాంగంలో రాశి నిరయన రాశి, నక్షత్రాలకు కట్టి లెక్కపెట్టింది. కాబట్టి ‘గురుడు సింహంలో’ అని ఉంటే ఆకాశంలో కూడా మఖ వైపే వెతకొచ్చు. పాశ్చాత్య జాతకాల రాశి దీనికి ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు తేడా, దాన్ని పట్టుకుని వెతికితే దొరకడు. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి, మళ్ళీ 2027లో. గురుడు చుట్టు తిరిగి సింహానికి వచ్చేందుకు పట్టే పన్నెండేళ్ళే ఆ లెక్క. జూన్ చివర పుష్కరాలకు వెళ్ళేవాళ్ళు సాయంత్రం పడమర వైపు చూస్తే, మబ్బు సందిచ్చిన రోజున, ఆ పుష్కరాలకు కారణమైన గ్రహం అక్కడే కనిపిస్తుంది.

ఉల్కలు

ఉల్కల తేదీలు సూర్యుడి లెక్కవి, ఏటా ఇంగ్లీషు తేదీకే వస్తాయి. తిథులు ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతాయి. అందుకని ఒక ఏడాది బాగున్న ఉల్కలు మరో ఏడాది వెన్నెల్లో పోతాయి. మీ చంద్రుడి గీతల పక్కన ఈ తేదీలు పెట్టి చూడండి, అంతే.

మనకు నా లెక్కలో మొదటి స్థానం మే 5–6 రాత్రి వచ్చే ఈటా అక్వారిడ్‌లది. హేలీ తోకచుక్క వదిలిన ధూళి అది. ఉత్తర దేశాల్లో ఇవి సరిగా లేచే లోపే తెల్లారిపోతుంది. మనకు ఇవి వచ్చే కుంభరాశి రెండు గంటల లోపే తూర్పున లేస్తుంది కాబట్టి మూడు నుంచి నాలుగున్నర దాకా చూడొచ్చు. 2027లో మే 6 అమావాస్య. ఇంతకంటే ఏం కావాలి?

జెమినిడ్‌లు డిసెంబరు 13–14 రాత్రి. లెక్కకు ఏడాదిలో ఇవే పెద్దవి, ఫేథాన్ అనే గ్రహశకలం నుంచి వస్తాయి. 2026లో చంద్రుడు రాత్రి పదిలోపే అస్తమిస్తాడు, వాన తెరిపిస్తే పండగే. 2027లో పౌర్ణమి, వదిలేయండి. పర్సీడ్‌లు ఆగస్టు 12–13 రాత్రి, మనకు పదిన్నర తర్వాత ఈశాన్యంలో లేస్తాయి, 2026లో అమావాస్య కలిసొస్తోంది. జనవరి 3–4 క్వాడ్రాంటిడ్‌లు తెల్లవారుజామున. అక్టోబరు 21 ఒరియానిడ్‌లు, నవంబరు 17 లియోనిడ్‌లు పేరుకు రాసుకోండి, మబ్బు విడిస్తే బోనస్.

ఏవైనా సరే అర్ధరాత్రి దాటాకే ఎక్కువ. అప్పుడు మన వైపు భూమి తన దారిలో ముందుకు తిరిగి ఉంటుంది, ధూళి ఎదురుగా వచ్చి తగులుతుంది.

గ్రహణాలు, రాకెట్లు

గ్రహణాలు పంచాంగంలో మొదటి పేజీల్లోనే ఉంటాయి. ‘మన ప్రాంతానికి వర్తిస్తుంది’ అన్నవే ఎత్తి రాసుకోండి. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం 82 నిమిషాలు ఉంది. 2027లో చంద్రుడు నీడలో మునిగే గ్రహణం ఒక్కటీ లేదు, పలుచని ఉపచ్ఛాయలే. 2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా కంకణ సూర్యగ్రహణం, మనకు పాక్షికం. సూర్యగ్రహణానికి దానికోసమే చేసిన కళ్ళద్దాలు కావాలి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుముక్కలు వద్దు. అలా చూసి కంటి మధ్య మచ్చ పడ్డవాళ్ళకు చూపు తిరిగి రాకపోవచ్చు.

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి ఖగోళవేత్త జాన్సెన్ మన పక్క గుంటూరుకు వచ్చి పరికరాలు పెట్టుకున్నాడు. ఆ గ్రహణంలో సూర్యుడి వర్ణపటంలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అనే మూలకాన్ని కనుక్కోవడం దాకా తీసుకెళ్ళింది. ప్రపంచం మన గడప దాకా వచ్చి చూసిన ఆకాశం ఇది.

శ్రీహరికోట ప్రయోగాలకు ఒక పేజీ ఖాళీగా ఉంచండి, తేదీలు ముందు తెలియవు. రాత్రి ప్రయోగమైతే నెల్లూరు మేడల మీంచి దక్షిణానికి కాస్త తూర్పుగా నారింజ వెలుగు లేస్తుంది. 2024 డిసెంబరు 30 రాత్రి 10 గంటలకు పీఎస్‌ఎల్‌వీ సీ60 వెళ్ళింది అలాగే.

ఎక్కడ, ఎలా

మన బీచీలన్నీ తూర్పు ముఖం. వేగుచుక్క, చంద్రోదయం, తెల్లవారుజాము ఉల్కలు అన్నిటికీ బీచి. సాయంత్రం పడమటి గ్రహాలకు చెరువు కట్ట నయం. దక్షిణానికి ఎటు చూసినా ఊరి వెలుగు లేని చోటు కావాలి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల లైట్లు, పోర్టు వైపు ఆకాశమంతా పసుపు. అసలు చీకటి కావాలంటే పడమటికి పోవాలి. సోమశిల, ఉదయగిరి, ఒంగోలు వాళ్ళకు కంభం వైపు. నల్లమల అడవిలోకి మాత్రం రాత్రి వెళ్ళొద్దు, అది పులుల అడవి. ఊరికి ఆనుకుని, తెలిసినవాళ్ళ పొలంలో, ముందే చెప్పి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. పాములుంటాయి, బూట్లు వేసుకోండి.

ఒకసారి రొయ్యల చెరువు గట్టు మీద బైనాక్యులర్ పట్టుకుని ఉంటే కాపలా పెద్దాయన లైటు వేసుకుంటూ వచ్చాడు. ‘ఏంది సార్, ఈ టయానికి ఈడేం చేస్తుండారు?’ అన్నాడు. గురుణ్ణి చూస్తున్నా పెద్దాయనా అని బైనాక్యులర్ ఆయన చేతికిచ్చాను. చేతులు వణుకుతుంటే స్కూటర్ సీటు మీద మోచేతులు ఆనించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘పక్కన సన్న చుక్కలుండాయే, మూడు’ అన్నాడు. గురుడి చంద్రులవి. వెళ్ళి షెడ్డు లైటు ఆపేసి వచ్చి మళ్ళీ అడిగి తీసుకుని చూశాడు. లైటు వాళ్ళతో తగువు పెట్టుకోకండి, ముందు చూపించండి.

సామాను తక్కువే. 7×50 లేదా 10×50 బైనాక్యులర్, చాప, దుప్పటి, ఫ్లాస్కు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోను తెరిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. బీచిలో అద్దాల మీద ఉప్పు తేమ పడితే చొక్కాతో తుడవకండి, గీతలు పడతాయి. ఇంటికొచ్చి ముందు గాలి బుడ్డితో ఊది, తర్వాత లెన్సు గుడ్డతో తుడవండి.

ఆ చివరి గడి

చివర వదిలిన ఖాళీ గడిలో ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో రాయండి. ‘మబ్బు’ అయితే మబ్బు అనే రాయండి, ఎన్నింటికి విడిచిందో కూడా. ఎన్ని ఉల్కలు, ఎంతసేపట్లో, పిల్లలకోడిలో ఎన్ని, శిలువ అడుగు చుక్క కనిపించిందా లేదా. బాగా జరిగిన రాత్రులే రాస్తే ఆ పుస్తకం పనికిరాదు. నా నోట్సులో నవంబరు పేజీల నిండా మబ్బు, మబ్బు అనే ఉంటుంది. వాటి మధ్య అక్కడక్కడా ‘తుపాను దాటిన మర్నాడు, రాత్రి 11 నుంచి, కడిగినట్టుంది’ అన్న వాక్యాలున్నాయి. మూడేళ్ళ పేజీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తట్టింది, మన దగ్గర వాన నెలల్లో చూడాల్సింది తేదీ కాదు, వాయుగుండం తీరం దాటిన మరుసటి రెండు రాత్రులు అని. ఇప్పుడు నా గొడుగు నెలల్లో తేదీలకు బదులు అదే రాసుకుంటున్నాను.

నోట్సు ఆఖరి పేజీ ముందు సంవత్సరాలకి. నా దాంట్లో పెన్సిలుతో ఒక వరస ఇప్పటికే ఉంది: ‘2028 డిసెంబరు 31. సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి 8.37కి మొదలు, 9.46 నుంచి 10.58 దాకా పూర్తిగా ఎరుపు, 12.06కి విడుపు. మేడ మీద. చాపలు నాలుగు. అందరినీ పిలవాలి.’